‘గోకడం’పై ఒక సవరణ

“ఈ వార్త రాసిన మహానుభావుడు ఎవరండీ?”

పత్రికా కార్యాలయం తలుపు తోసుకుని వచ్చిన యువకుడి ఒక చేతిలో తడిసిన గొడుగు, మరొక చేతిలో ఫోను ఉన్నాయి. గొడుగు కంటె అతని ముఖమే ఎక్కువగా ముడుచుకుని ఉంది.

“మహానుభావుడు కాదు, మహానుభావురాలు,” అన్నది కిటికీ పక్కన కూర్చున్న ఉపసంపాదకురాలు, తల ఎత్తకుండానే. “నేనే. ముందు ఆ గొడుగు బయట పెట్టి రండి. నీళ్లన్నీ కంప్యూటర్ మీద పడుతున్నాయి.”

ఆ అంతర్జాల పత్రికలో సాంకేతికత, సంగీతం, యానిమేషన్ వార్తల బాధ్యత ఆమెది. ఏ ఆంగ్లపదం కంటబడినా దానికి తెలుగు మాట వెదికి పెడితే గాని ఆమెకు మనశ్శాంతి ఉండదు. అందుచేత సహోద్యోగులు ఆమెను ‘నిఘంటువు’ అని పిలిచేవారు. ఆ పిలుపులోని ఎగతాళిని వారికే వదిలిపెట్టి, గౌరవాన్ని మాత్రం ఆమె స్వీకరించింది.

యువకుడు గొడుగు బయట పెట్టి వచ్చాడు. పగలు అతడు ఒక యానిమేషన్ స్టూడియోలో బొమ్మల చిత్రాలకు శబ్దాలు కూర్చుతాడు. సాయంత్రాలు టర్న్‌టేబుళ్ల మీద రికార్డులు తిప్పే డీజే. మిత్రులు అతనిని ‘చక్రం’ అంటారు. ఇటీవల జరిగిన డీజేల పోటీలో ప్రథమ బహుమతి అతనికే వచ్చింది. వివరాలను అతడు ఆంగ్లంలో ఈమెయిల్ ద్వారా పంపగా, ఆమె తెలుగు చేసి ప్రచురించింది.

“చదువుతాను, వినండి,” అని అతడు గొంతు సవరించుకున్నాడు. “‘గోకడంలో ఆయనకు సాటి లేరు.’ ఇది హెడ్డింగు. ‘చిన్నతనంలో అక్క స్నేహితురాలి ఇంట్లో గోకడం మొదలుపెట్టిన ఈ యువకుడు, నేడు వందలాది మంది ఎదుట నిర్భయంగా గోకుతున్నారు.’”

“స్క్రాచ్ అంటే గోకడమే. రికార్డును గోకుతారని మీరే రాశారు.”

“రికార్డు అనే మాట మీ వార్తలో ఎక్కడుందండీ?”

ఆమె తెర వంక చూసింది. నిజమే, లేదు.

ఇంతలో అతని ఫోను మోగింది. తత్తరపాటులో అతడు స్పీకరు నొక్కాడు.

“ఒరేయ్!” ఆ గొంతుకు గదిలో అందరూ తలలెత్తారు. “అక్క ఫ్రెండుని గోకావట్రా? ఆ పిల్లకి ఇద్దరు పిల్లల్రా!”

“అమ్మా, అది ట్రాన్స్‌లేషన్ అమ్మా!”

“పేరేదైతే నాకెందుకు! ఆ పిల్ల మొహం ఎలా చూడమంటావు నన్ను?”

అతడు ఫోను పెట్టేశాడు. నిఘంటువు అయోమయంగా చుట్టూ చూసింది.

“ఇందులో అంత కోప్పడాల్సిందేముంది? మా ఇంట్లో గోకడమంటే తాతయ్య వీపు గోకడమే.”

సంపాదకుడు తన గదిలో నుండి నవ్వు ఆపుకుంటూ వచ్చాడు. “అమ్మా నిఘంటువూ, ఇప్పటి కుర్రాళ్ల భాషలో గోకడమంటే అమ్మాయిల వెంటపడి విసిగించడం.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“మా స్టూడియో సినిమా ఒకటి రాబోతోంది. నేను మ్యూజిక్ చేసిన మొదటిది,” అన్నాడు యువకుడు. కోపం తగ్గి, గొంతులో దిగులు వినబడింది. “పిల్లల సినిమా. రేపు పొద్దున పోస్టరు ప్రింటుకి వెళ్తుంది. ‘పిల్లల సినిమా పోస్టరు మీద ఈ గోకేవాడి పేరేంటి, తీసేయండి’ అన్నారు మా స్టూడియో మేడం. ఈలోగా మీరు సవరణ వేస్తే ఉంచుతారట.”

“వేస్తాను. కాని సరైన మాట దొరకందే వేయను. ఒకసారి తప్పు రాసింది చాలు.”

“అయితే వచ్చి చూడండి. చూడకుండా రాస్తే మళ్లీ ఏం గోకిస్తారో!”

బయటకు వచ్చి చూస్తే అతని గొడుగు లేదు. ఎవరో తీసుకుపోయారు.

“మీరు బయట పెట్టమన్నారు కాబట్టే పోయింది,” అన్నాడు అతడు.

ఆమె తన గొడుగు విప్పింది. అది ఒకరికి సరిపోయే గొడుగు. మర్యాద కొద్దీ అతడు దూరంగా నడిచాడు, మర్యాద కొద్దీ ఆమె గొడుగును అతని వైపు వంచింది. స్టూడియో చేరే సరికి ఇద్దరూ సమానంగా తడిశారు.

స్టూడియోలోని ఆ చిన్న గది గోడలన్నిటికీ స్పాంజి అతికించి ఉంది. బల్ల మీద రెండు టర్న్‌టేబుళ్లు, వాటి నడుమ శబ్దాలు కలిపే మిక్సరు, ఎదురుగా తెర. తెర మీద ఒక ఆకుపచ్చ కప్ప నోరు తెరచి నిలబడి ఉంది.

“దీనికి గొంతు కావాలి,” అంటూ అతడు ఎడమచేతి వేళ్లను రికార్డు మీద ఆనించి, కుడిచేత్తో మిక్సరు మీది మీటను పట్టుకున్నాడు. రికార్డు ముందుకూ వెనక్కూ కదిలింది. “ఒరే, ఒరే, రే, రే, ఒరేయ్!” అని కప్ప బెకబెకలాడింది.

ఆమె ఉలిక్కిపడింది. “ఇది మీ అమ్మగారి గొంతు కదూ!”

“ఆవిడదే. ఆవిడ ‘ఒరేయ్’ని రికార్డు చేసి కంప్యూటర్లో పెట్టుకున్నాను. ఇక్కడ చెయ్యి ఎలా కదిపితే అక్కడ గొంతు అలా కదులుతుంది. ఆవిడకి మాత్రం తెలీదు.”

ఆమె పకపకా నవ్వింది. నిఘంటువు అలా నవ్వగలదని ఆమె సహోద్యోగులకు కూడా తెలియదు. ఆ తరువాత కుర్చీ లాక్కుని కూర్చుని, అతని వేళ్లనే శ్రద్ధగా గమనించింది.

“రుద్దడం అందామా?”

“గిన్నెలు తోముతున్నట్టుంది.”

“గీరడం?”

“గీర నాకు లేదండీ. మీకుంటే వాడుకోండి.”

“నిమరడం?” అన్న తరువాత ఆమె గొంతు ఎందుకో తగ్గింది.

అతడు రికార్డు మీద చేయి ఆపి ఆమె వైపు చూశాడు. “అది వేస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకే రానివ్వదు.”

ఆ సాయంత్రమే పత్రికలో ఈ ప్రకటన వెలువడింది:

“సవరణ: మా వార్తలో ‘గోకడం’ అని ఉన్న ప్రతి చోట ‘స్క్రాచింగ్’ అని చదువుకొనగలరు. తిరుగుతున్న రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదిపి కొత్త ధ్వనిని పుట్టించే విద్య అది. ఈ కళాకారుడు ఎవరినీ గోకలేదు. ఆ మాటకు నేడున్న అర్థం తెలియకపోవడం ఈ ఉపసంపాదకురాలి పొరపాటు.”

ఆమె ఒక ఆంగ్లపదాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలిపెట్టడం అదే మొదటిసారి. పోస్టరు మీద అతని పేరు నిలిచింది.

అటు తరువాత అతడు ఏదో ఒక పదం పట్టుకుని తరచుగా పత్రికా కార్యాలయానికి రాసాగాడు. “మళ్లీ మళ్లీ మోగే లూప్‌ని ఏమంటారు?” “బీట్‌కి తెలుగుందా?” సంపాదకుడు అతనిని చూడగానే పని కల్పించుకుని తన గదిలోకి వెళ్లిపోయేవాడు.

చిత్రం విడుదలైన రోజున పిల్లలందరూ “ఒరే, ఒరే” అని బెకబెకలాడుతూ హాలు నుండి బయటకు వచ్చారు. వాన పడుతుండడంతో నిఘంటువు, అతడు మెట్ల మీదనే ఆగిపోయారు.

“మీ సవరణలో ఒక తప్పుందండీ,” అన్నాడు అతడు.

ఆమె ముఖం పాలిపోయింది. “ఏ వాక్యం?”

“‘ఎవరినీ గోకలేదు’ అన్నారు. ఆ రోజుకి నిజమే. ఇప్పుడు మాత్రం ఒకరిని గోకుతున్నాను.”

“తెలుసు. లూప్ గురించి మళ్లీ మళ్లీ అడిగినప్పుడే అర్థమైంది.”

“ఐ లవ్ యూ.”

“తెలుగులో చెప్పండి.”

“నేను నిన్ను ప్రేమిస్తున్నాను.”

“డబ్బింగ్ కార్టూన్‌లా ఉంది.”

అతడు వాన వంక చూశాడు, బూట్ల వంక చూసుకున్నాడు, చివరకు ఆమె వంక చూశాడు. “మీరంటే నాకిష్టం. తప్పులు పట్టేటప్పుడు ఇంకా ఇష్టం.”

ఆమె ఆ వాక్యాలలో దిద్దవలసినది ఏమైనా ఉన్నదా అని ఆలోచించింది. ఏమీ కనబడలేదు. జవాబు చెప్పబోయే లోపల అతని ఫోను మోగింది. ఈసారి కూడా వేలు స్పీకరు మీదనే పడింది.

“ఒరేయ్! ఆ కప్ప గొంతు నాదేనట్రా?”

“అమ్మా, తర్వాత మాట్లాడతాను.”

“పక్కన ఎవరు?”

“నమస్కారమండీ,” అన్నది ఆమె. “గోకడం వార్త రాసింది నేనే.”

“నువ్వేనామ్మా! ఇంతకీ మావాడు ఎవర్నీ గోకలేదుగా?”

“ఒకరిని గోకారటండీ. ఇప్పుడే ఒప్పుకున్నారు. సవరణకు మళ్లీ సవరణ వేయాలి.”

అవతల నుండి చిన్న నవ్వు వినబడింది.

“వేసెయ్యమ్మా. ఆ పిల్ల పేరైనా తప్పు లేకుండా రాయి.”

ఆమె గొడుగు విప్పి అతని వైపు వంచింది.

“ఆ పేరు నేనెప్పుడూ తప్పు రాయలేదండీ.”