తెరవని తలుపు

పొద్దున్నే కోడలు టీ పెట్టింది. మావగారికి చక్కెర లేకుండా, భర్తకి రెండు చెంచాలేసి. తనది మాత్రం ఎలా ఉందో చూసుకోకుండానే తాగేసింది. అత్తగారు పోయి నెల దాటింది. అప్పట్నించీ ఆమెకి వేడీ చల్లదనం, తీపీ చేదూ అన్నీ ఒకటే. ఫైర్ స్టేషన్‌కి వెళ్తోంది, నీళ్ళ గొట్టాలు మోస్తోంది, ఇంటికొచ్చి వండుతోంది. ఏడుపు రావట్లేదు. అత్త పోయిన ఆర్నెల్లకి కోడలి కంట నీరొచ్చిందన్న సామెతని చుట్టాలు ఆమెకి వినపడేలాగే అనుకున్నారు.

ముందు గదిలో మావగారి సూట్‌కేస్ సర్ది ఉంది. మధ్యాహ్నం ఆడపడుచు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళిపోతుంది. భార్య పోయి ఈ ఇంటికొచ్చినప్పట్నించీ ఆయన కోడలితో ఒక్క మాటా మాట్లాడలేదు.

భర్త వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు.

"నాన్న వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడైనా ఆ ఒక్క మాటా చెప్పు."

"ఏ మాట?"

"నువ్వెళ్ళేసరికే అమ్మ పోయిందని. నీ సొమ్మేం పోతుంది?"

ఆమె గిన్నె తోముతూనే ఉంది. "నాకు తెలియదండీ."

అసలు జరిగింది ఇదీ. అత్తగారు పోయిన రోజు మధ్యాహ్నం ఆవిడ తమ ఇంటి హాల్లో ఇస్త్రీ చేస్తూ, రేడియో మోతకి మావగారి కునుకు చెడుతుందని పడగ్గది తలుపు మూసింది. మంట హాల్లోనే అంటుకుంది. డ్యూటీలో ఉన్న కోడలి ఫైరింజనే మొదట చేరింది. ఆ బండి సిబ్బందికి పెద్ద ఆమే. లోపల మనుషులు ఇద్దరు, గదులు రెండు. వెనకా ముందూ ఆలోచించే వ్యవధి లేదు. తనతోటి వాళ్ళకి హాలు కిటికీలోంచి నీళ్ళు కొట్టి, మంట తగ్గగానే లోపలికెళ్ళమని చెప్పి, తను పడగ్గది కిటికీ పగలగొట్టి దూకింది. మూసిన తలుపు వెనకున్న మనిషి బతికుంటాడు. అదే ఆమె నేర్చుకున్న పని.

మావగారు తలుపు దగ్గరే ఉన్నారు. "తియ్యి, మీ అత్త అవతలే ఉంది" అంటూ గడియ మీద చెయ్యి వేశారు. ఆమె ఆ చెయ్యి లాగేసింది. ఆయన్ని కిటికీలోంచి బయటికి దించింది. అత్తగారిని తోటివాళ్ళు తీసుకొచ్చేసరికి ఊపిరి లేదు.

"తెలియకపోతే మాత్రం? ఆయన ప్రాణం కుదుటపడటానికి ఒక్క అబద్ధం ఆడలేవా?" భర్త గొంతు పెరిగింది. "మా అమ్మ పక్క గదిలో ఉంటే తలుపు తియ్యలేదు నువ్వు. కనీసం ఈ మాత్రమైనా చెయ్యి."

"కిటికీ పగిలాక తలుపు కూడా తీస్తే మంట ఆ దారినే గదిలోకి వచ్చేసేది. అప్పుడు మీకు నాన్నా ఉండేవారు కాదు." చదివిన పాఠం అప్పజెప్పినట్టు అంది. అది తప్ప వేరే స్వరం ఆమెకి పలకలేదు.

గుమ్మంలో మావగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఇద్దరూ చూడలేదు.

"నువ్వు కాసేపు బయటికెళ్ళరా" అన్నారు కొడుకుతో. కొడుకు వెళ్ళలేదు.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నువ్వు నా చెయ్యి లాగినప్పుడు అవతల అది బతికే ఉందా అమ్మా?"

భర్త ఆమె వైపే చూస్తున్నాడు. ఒక్క తల ఊపితే చాలు.

"తెలియదు మావయ్యా."

"చప్పుడేమైనా వినిపించిందా నీకు?"

"మంట చప్పుడు తప్ప ఏమీ వినలేదు. దాని వెనక ఇంకేదైనా ఉందేమో చెప్పలేను."

"మళ్ళీ అలాంటిదే వస్తే?"

"అప్పుడూ తియ్యను."

ఆయన స్టూలు ఆమెకి దగ్గరగా జరుపుకున్నారు. "పలకరింపుకొచ్చిన ప్రతివాడూ చూసొచ్చినట్టే చెప్పాడు. అప్పటికే పోయిందిట, నొప్పి తెలియలేదుట. వీళ్ళెవరైనా అక్కడున్నారా? ఆ తలుపు దగ్గరున్నది మనిద్దరమే. నువ్వూ అదే కబురు చెప్తావేమోనని నీతో మాట్లాడ్డానికే భయమేసింది."

ఆమె తడిచేతులు చీరకి తుడుచుకుని ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"చెల్లికి ఫోన్ చెయ్యరా, రావద్దని" అన్నారాయన. "అక్కడ అందరికీ అన్నీ తెలుసు. ఇక్కడైతే తెలియనివాళ్ళం ఇద్దరం ఉన్నాం."