మూడో పిలుపు

హొసకోటె దాటాక రోడ్డు పక్కన ఇప్పటికీ ఒక జోకరు తల కనిపిస్తుంది. సిమెంటు తల. ముక్కు ఎప్పుడో ఊడిపోయింది, నోరు మాత్రం బారెడు తెరుచుకునే ఉంటుంది. ఆ నోట్లోంచే లోపలికి పోవాలి. ఒకప్పుడు ఆదివారం వచ్చిందంటే ఆ నోరు జనాన్ని మింగేది. సిటీలోని వైట్‌ఫీల్డ్ నుంచి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి కార్లు బారులు తీరేవి. టికెట్ కొన్నవాళ్ల మణికట్టుకు రంగు కాగితం పట్టీ చుట్టేవాళ్లు. అది ఉంటేనే ఆటలెక్కనిచ్చేవాళ్లు. ఆ ఆటల పార్కు పేరు 'ఆనందలోక'.

ఓడలు బళ్లవుతాయంటారు కదా. ముందు బోర్లు ఎండిపోయాయి. కొన్నాళ్లు ట్యాంకర్ల నీళ్లతో అలల కొలను నడిపారు. ఆ కొలనులోనే ఒక పాప పోయాక జనం రావడం మానేశారు. చివరికి ఆ స్థలాన్ని ఎవరో అపార్ట్‌మెంట్ల కోసం కొన్నారు. ఉన్న ఇనుమంతా కోసి లారీలకెత్తడానికి కదిరి వైపు నుంచి కూలీలను పిలిపించి, లోపలే రేకుల షెడ్లు వేసిచ్చారు. అట్లా వచ్చినవాళ్లే హనుమక్క, ఆమె మొగుడు కొండయ్య, వాళ్ల ఆరేళ్ల కూతురు నవ్య.

హనుమక్కకు ఆ చోటు మొదటిరోజు నుంచీ నచ్చలేదు. అందుకే తన అవ్వ తనకు నేర్పిన కట్టడిని కూతురికీ నేర్పింది. పొద్దుగూకినాక ఎవరు పిలిచినా మొదటిసారికి పలకకూడదు. రెండోసారికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. గాలీ ధూళీ ఎంత గింజుకున్నా రెండుసార్లే పిలవగలవు, మూడోసారి పిలిచేది మనిషేనని అవ్వ మాట. నవ్య దాన్ని ఎంత ఇదిగా పట్టుకుందంటే, రాత్రి అన్నానికి పిలిచినా మూడోసారి దాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిసా నవ్వుతూ కూచునేది.

"బువ్వకు కూడా మూడు పిలుపులా? నీ కూతురు కలెక్టరైతాదిలే," అని కొండయ్య ఎగతాళి చేసేవాడు.

ఆ ఆదివారం కూలీలంతా హొసకోటె సంతకు పోయారు. కొండయ్య ఇనుము లారీ వెంట వెళ్లాడు. ఒళ్లు వెచ్చగా ఉందని హనుమక్క షెడ్డులో నడుం వాల్చింది. పక్కనే నవ్య చిట్టి గిన్నెలతో ఆడుకుంటోంది. వాన చప్పుడుకు ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచేసరికి వాన వెలిసింది. బయట మసక పడుతోంది. గిన్నెలున్నాయి. వాకిట్లో పిల్ల చెప్పులున్నాయి. పిల్ల లేదు.

షెడ్ల చుట్టూ తిరిగింది. జోకరు నోటి దగ్గరికి పరుగెత్తింది. అక్కడ బల్బు కింద స్టూలు మీద వాచ్‌మన్ వెంకటగిరియప్ప కూచుని ఉన్నాడు. పార్కు తెరిచిన నాటి నుంచి ఆయనే కాపలా.

"అప్పా, నా బిడ్డను చూస్తివా?"

"ఈ దావన రాలేదమ్మా. లోపలే యాడో ఉండాది." ఆయన టార్చి తీసుకుని లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు. "స్వల్ప తాళు, కొంచెం ఆగు. అలల కొలను తట్టు మాత్రం పోవద్దు. అప్పుడూ ఇట్లే ఆదివారం. ఆ పాపను మైకులో సాయంత్రమంతా పిలిస్తిరి, పలకలే. మర్నాడు నీళ్లు తీసేస్తే..."

హనుమక్క వినడానికి నిలబడలేదు. ఆయన చేతిలోని టార్చి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

"నవ్యా!"

రంగులరాట్నం దగ్గర గుర్రాలు లేవు, వాటిని గుచ్చిన కడ్డీలే నిలబడి ఉన్నాయి. తుప్పు వాసన. టికెట్ కౌంటరులో పాత కాగితం పట్టీలు తడిసి, ముద్దగా పడి ఉన్నాయి. దయ్యాల గుహ ముందు రేకు దయ్యమొకటి నాలుక చాపి వేలాడుతోంది. ఒకప్పుడు దాన్ని చూడటానికి జనం డబ్బిచ్చి మరీ కేకలు పెట్టేవాళ్లు. హనుమక్క దాని మొహం కూడా చూడలేదు. ఆమె భయం వేరు.

"నవ్యా! ఓ నవ్యా!"

ఒకచోట ఒక కేక, ఇంకోచోట రెండు. అంతలో కాలు నిలవక మరోచోటికి పరుగు. బిడ్డ కోసం అల్లాడుతున్న తల్లి ఒకచోట నిలబడి లెక్కపెట్టి పిలుస్తుందా? తాను నేర్పిన కట్టడి తనకే గుర్తు రాలేదు. గబ్బిలాల కంపు... పచ్చి నాచు వాసన... సగం కోసిన జెయింట్ వీల్ గాలికి కిర్రుమంటోంది. చీకటి దిగిపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. ఇక పేరు కూడా నోట్లోంచి రావడం లేదు.

అలల కొలను గట్టు మీద కూలబడింది.

"నా తల్లీ... నా బంగారూ... యాడుండావే... రావే..."

ఆ పిలుపుకు ఏ బిడ్డ రాకుండా ఉంటుంది?

"ఆఁ... అమ్మా."

కింద నుంచి. కొలను లోపలి నుంచి.

హనుమక్క ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. వాలుగా ఉన్న నేల మీద కాలు జారింది. టార్చి చేతిలోంచి ఎగిరి వాన నీళ్లలో పడి ఆరిపోయింది. మోకాలి లోతు నీళ్లలో చేతులతో తడుముకుంటూ పోయింది. వేళ్లకు తడి జుట్టు తగిలింది. చిన్న భుజం తగిలింది. భోరుమని ఏడుస్తూ ఎత్తి చంకనేసుకుంది. పిల్ల రెండు చేతులతో ఆమె మెడను కరుచుకుని, భుజంలో మొహం దాచుకుంది. ఒళ్లు మంచుముద్దలా ఉంది.

"చంపేస్తివి కదే నన్ను... ఇంతసేపు పిలుస్తాంటే పలకవా?"

పిల్ల మెడను ఇంకా గట్టిగా కరుచుకుంది.

గట్టెక్కి జోకరు నోటి దగ్గర బల్బు వెలుతురును చూసుకుంటూ నడిచింది. పిల్ల బరువుగా ఉంది. తడిసిన బట్టలు కదా, బరువుంటాయి. మెడకు ఏదో గరుకుగా తగులుతోంది. చేత్తో తడిమింది. పిల్ల మణికట్టుకు కాగితం పట్టీ. కౌంటరులోది తీసి కట్టుకుందేమో... కానీ అక్కడివన్నీ ముద్దయి పడున్నాయి. ఇది పెళపెళలాడుతోంది.

అడుగులు నెమ్మదించాయి.

కొలను దగ్గర తాను ఒక్కసారే కదా పిలిచింది?

ఒక్క పిలుపుకే పలికింది...

చంకలో పిల్ల కదల్లేదు. ఊపిరి తగులుతుందేమోనని మెడ వంచి చూసింది. తగల్లేదు... తగిలిందేమో... గాలి వీస్తోంది, తెలియడం లేదు.

అప్పుడు వెనక నుంచి, రంగులరాట్నం వైపు నుంచి వినిపించింది. నిద్రలోంచి అప్పుడే లేచిన గొంతు.

"అమ్మా..."

హనుమక్క ఆగిపోయింది. అది నవ్య గొంతు. రోజూ పొద్దున విని లేచే గొంతు. పరుగెత్తి పోవాలనిపించింది. కానీ అది గాలి అయితే? చంకలో ఉన్నదే నవ్య అయితే? ఇక్కడ దించి పోతే, తిరిగొచ్చేసరికి ఉంటుందా?

"అమ్మా..."

రెండు.

దేవుడా, ఇంకొక్కసారి. మూడోసారి పిలిస్తే మనిషే. మూడోసారి పిలవకపోతే చంకలో ఉన్నదే నా బిడ్డ. హనుమక్క ఊపిరి బిగబట్టింది. ఒళ్లంతా చెవులు చేసుకుంది.

"పలకొద్దమ్మా," అంది చంకలో పిల్ల గుసగుసగా. "నువ్వు నా దానివి."

మెడ చుట్టూ ఉన్న చేతులు మెల్లిగా వదులయ్యాయి. పైకి పాకాయి. చల్లటి చిన్న అరచేతులు రెండూ ఆమె చెవులను గట్టిగా మూసేశాయి. గాలి చప్పుడు ఆగిపోయింది. జెయింట్ వీల్ కిర్రు ఆగిపోయింది. లోపల నీళ్ల హోరు ఒక్కటే వినిపిస్తోంది. చేతులు ఊడదీయాలని గింజుకుంది. రాలేదు.

దూరంగా జోకరు నోటి దగ్గర, బల్బు వెలుతురులో, వెంకటగిరియప్ప మోకాలి నొప్పి మరిచి దిగ్గున లేచాడు. ఆయన హనుమక్క వైపు చూడటం లేదు. ఆమె వెనక్కి, రంగులరాట్నం వైపు చూస్తున్నాడు. నోటి చుట్టూ చేతులు దొప్ప చేసి, అటువైపు నుంచి ఆమెకు వినిపించని పిలుపుకు గట్టిగా బదులు పలుకుతున్నాడు.