కదలని పాకాల ఇంజను

తిరుచానూరు రోడ్డులోని తన ఆఫీసులో ప్రైవేట్ డిటెక్టివ్ ప్రసన్నకుమారి భోజనం ముగించి చేతులు కడుక్కుంటోంది. ఒక అమ్మాయి పరుగున లోపలికి వచ్చింది. జానెడు పొడవున్న ఇత్తడి రైలింజను ఆమె చేతుల్లో ఉంది.

"ఎవరో దీన్ని చెడగొట్టినారు మేడమ్. సాయంత్రమే పోటీ!"

ఆమె పేరు కోమలి. నగరిలో పవర్‌లూమ్ నడిపే మునిరామయ్య కూతురు. పాకాల లైనులో ఒకప్పుడు తిరిగిన ఆవిరి ఇంజనుకు నమూనాగా, మూడేళ్లు కష్టపడి దీన్ని తయారుచేసింది. తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో రైలు నమూనాల పోటీ జరుగుతోంది.

"పొద్దునంతా బాగా తిరిగింది. అన్నం తిని వచ్చేలోపల నిలిచిపోయింది. పట్టాల్లో కరెంటు ఉండాది. అది చక్రాల గుండానే మోటారుకు పోవల్ల. మసి పట్టిందేమోనని స్పిరిటుతో తుడిచినాను. గుడ్డ తెల్లగానే ఉండాది."

"పొద్దునంతా తిరిగిన చక్రానికి మసి లేదా?" ప్రసన్నకుమారి భూతద్దం తీసింది. "మసిని తుడిచేసి వార్నిష్ పూశారు. ఇక కరెంటు ఎలా పారుతుంది? చుట్టూ ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఈ చక్రాలు చేత్తో తిరుగుతాయా?"

"తిరగవు మేడమ్. మోటారు తిరిగితేనే అవి తిరిగేది."

అసిస్టెంటు హేమచంద్ర కళ్లు మెరిశాయి. ప్రసన్నకుమారి ఇలాంటి ప్రశ్న ఊరికే అడగదని అతనికి తెలుసు.

మండపం దగ్గర వాచ్‌మన్ దామోదరం ఎదురొచ్చాడు.

"అన్నాల వేళ కరెంటు పోయింది మేడమ్. అందరూ వచ్చేసినాక గానీ రాలా. ఆ లోపల లోనికి పోయింది ఇద్దరే. డెకరేషన్ గిరిప్రసాదు, సుకుమార్ సారు."

వేదిక చెక్కలకు పూయడానికి గిరిప్రసాద్ తెచ్చుకున్న వార్నిష్ డబ్బా పక్కనే మూత లేకుండా ఉంది. అతను రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "పూలు కట్టేదానికి పోయినానమ్మా. ఆ బొమ్మ జోలికే పోలా!"

సుకుమార్ ప్రతి పోటీలోనూ మొదటి బహుమతి అందుకునే మనిషి. అతను నవ్వాడు. "నా బండికి పట్టాల్లో కరెంటుతో పనిలేదు మేడమ్. కడుపులోనే బ్యాటరీ ఉండాది. ఆ పాప బండి నాకెందుకు?"

ప్రసన్నకుమారి అందరినీ కోమలి బల్ల చుట్టూ పిలిచింది.

"వార్నిష్ గిరిప్రసాద్‌దే. కానీ డబ్బా మూత తీసే ఉంది, ఎవరైనా బ్రష్ ముంచుకోవచ్చు. ఈ చక్రాలు సగం వరకు ఇంజను లోపలే ఉంటాయి. చుట్టూ పూయాలంటే తిప్పాలి. తిప్పాలంటే మోటారు నడవాలి. అప్పుడు మండపంలో కరెంటు లేదు. అంటే ఇంజన్ను వెల్లకిలా పెట్టి, మోటారుకు బ్యాటరీ తీగలు ఆనించి తిప్పారు. సుకుమార్ గారూ, మీ బండి మూత తీయండి."

సుకుమార్ వెనక్కి జరిగాడు. హేమచంద్ర మూత తీశాడు. బ్యాటరీ తీగల కొసల్లో వార్నిష్ ఎండి మెరుస్తోంది.

సుకుమార్ తల దించుకున్నాడు. "పొద్దున దాని నడక చూసినాను. ఇంక ఫస్టు నాకు రాదని తెలిసిపోయింది." ఇంజను కోసం చెయ్యి చాచాడు. "ఇట్టా తేమ్మా, నేనే శుభ్రం చేసిస్తాను."

కోమలి ఇంజన్ను గుండెకు హత్తుకుంది.

"వద్దు సార్. నా ఇంజను చక్రాలు నేనే తుడుచుకుంటాను."

హేమచంద్ర నెయిల్ పాలిష్ రిమూవర్ కొనుక్కొచ్చాడు. కోమలి మోటారుకు తీగలు ఆనించి, తిరిగే చక్రాలకు తడి గుడ్డ అద్దింది. పూత కరిగి ఊడొచ్చింది.

న్యాయనిర్ణేతలు వచ్చేసరికి ఇంజను పట్టాల మీద ఉంది. స్విచ్ నొక్కగానే కదిలింది. మలుపులో కాస్త నెమ్మదించి, వంతెనెక్కి, చిన్న పాకాల స్టేషన్లోకి నిబ్బరంగా వచ్చి ఆగింది.

ముందు చప్పట్లు కొట్టింది గిరిప్రసాద్. వెనక నిలబడ్డ మునిరామయ్య పక్కనున్న మనిషి భుజం పట్టి ఊపేశాడు.

"సూసినావా అప్పా? అది చేసింది నా కూతురు!"