పాముచెవికి పది పరీక్షలు

పక్క వీధిలో చీమ తుమ్మితే మేడ మీది నుంచి “నూరేళ్ళాయుష్షు” అనేవాడట ఆ కుర్రాడు. చీమ నాతో చెప్పలేదు గానీ వాళ్ళమ్మ చెప్పింది, అమ్మలు అబద్ధమాడరు. అందుకే వాడికి పాముచెవి అనే పేరు స్థిరపడిపోయింది. అంతటి చెవిని వృథాగా పోనివ్వడమెందుకని మేనమామ వాణ్ణి తన ఆడియో షాపులో పెట్టుకున్నాడు.

“ఒరేయ్ అల్లుడూ, బీరువాలో ఉన్న ఆ పెద్ద స్ట్రీమర్ రెండేళ్ళుగా నన్ను చూసి నవ్వుతోంది. ఈ నెల్లో దాన్ని అమ్మావా, షాపు నీ చేతికిస్తా. అమ్మలేదా, గోడౌన్లో అట్టపెట్టెలు మోసుకో,” అన్నాడు మామయ్య.

స్ట్రీమరంటే మరేం లేదు, నెట్‌లోంచి పాటను లాగి ఆంప్లిఫైయర్‌కు అందించే పెట్టె. చిన్నది అరచేతిలో ఇమిడిపోతుంది. పెద్దదాన్ని ఇద్దరు మోయాలి. దాని ధర చెబితే ఆ ఇద్దర్నీ మరో నలుగురు మోయాలి.

నెలాఖరు రోజు మధ్యాహ్నం వాన దంచికొడుతుంటే రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. వెనకాలే ఆయన కూతురు. ఎదురుగా ఉన్న చెవుల ఆస్పత్రిలో వినికిడి పరీక్షలు చేసేది ఆ అమ్మాయే. ఆమె జడ చివర నుంచి నీటిబొట్టు నేల మీద పడిన చప్పుడు పాముచెవికి గుడిగంటంత గట్టిగా వినిపించింది.

“బాబూ, ఈమధ్య మా ఇంట్లో పాటలు మసకబారాయి. అందరూ దుప్పట్లో దూరి పాడుతున్నట్టుంది. మంచి పెట్టె ఏదైనా ఇవ్వు,” అన్నాడు మాస్టారు.

“ఈ పెద్దది పెట్టుకుంటే పాడేవాళ్ళు వచ్చి మీ పక్కన కూర్చున్నట్టే ఉంటుందండీ.”

“ఆ?” అన్నాడు మాస్టారు చెవి ముందుకు పెట్టి.

“మనింట్లో అన్ని కుర్చీలు లేవు నాన్నా,” అంది కూతురు. తర్వాత వాడివైపు తిరిగి, “చూడండీ, ఉత్తరం సైకిలు మీద వచ్చినా కార్లో వచ్చినా లోపల రాసింది మారుతుందా?”

“కార్లో వస్తే నలక్కుండా వస్తుంది కదండీ.”

“అయితే కళ్ళు మూసుకుని విని చెప్పండి, ఏది సైకిలో ఏది కారో. పదిసార్లు.”

“ఇరవైసార్లు చెప్తా.”

“పది చాలు. వాన ఆగాక.”

వాన గంటసేపు ఆగలేదు. ఆ గంటలో ఆమె రెండు పెట్టెలనూ ఒకే ఆంప్లిఫైయర్‌కు తగిలించి, మీటరు పెట్టి శబ్దం సరిసమానం చేసింది. “కాస్త గట్టిగా మోగిందల్లా బాగున్నట్టే అనిపిస్తుంది. సగం షాపులు బతికేది దాని మీదే,” అంది. మామయ్య దగ్గాడు.

గోడ గడియారం టిక్కు టిక్కుమంటూనే ఉంది. దాని సెల్లు పీకేద్దామని పాముచెవీ ఆ అమ్మాయీ ఒకేసారి లేచారు. చేతులు తగిలాయి. ఇద్దరూ ఒకేసారి కూర్చున్నారు. గడియారం మాత్రం టిక్కుమంటూనే ఉంది. చివరికి మామయ్య లేచి సెల్లు పీకాడు.

వాన వెలిసింది. కర్టెనుకు అవతల స్విచ్చు పట్టుకుని ఆమె, ఇవతల కళ్ళు మూసుకుని వాడు. ఒక్కోసారి పాట ఆపి, స్విచ్చు తిప్పో తిప్పకుండానో మళ్ళీ మొదలుపెట్టేది.

“పెద్దది,” అన్నాడు వాడు. “చిన్నది. చిన్నది. పెద్దది...”

పదికి పది.

మామయ్య మొహం మతాబాలా వెలిగింది. “చూశారా మాస్టారూ,” అంటూ అట్టపెట్టె కోసం లేచాడు.

కర్టెను పక్కకు తొలగింది. ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. “నాకు తేడా ఒక్కటి కూడా వినపడలేదు,” అంది మెల్లగా. “రోజూ ఊరందరి చెవులకీ తీర్పు చెప్తాను. నా చెవులే పోయాయేమో.”

పాముచెవి కళ్ళు తెరిచాడు. ఒకసారి షాపంతా కలియజూశాడు. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే ఇదంతా వాడిదే.

“మీ చెవులకేం కాలేదండీ. నాకూ తేడా వినపడలేదు.”

“మరి పదికి పది?”

“పెద్దదాన్ని మోగించబోయిన ప్రతిసారీ మీరు ఊపిరి బిగబట్టారు. చిన్నదానికి వదిలేశారు.”

“కర్టెను అవతల నుంచి నా ఊపిరి విన్నారా?”

“విన్నానండీ.”

“మరి పాట ఎలా ఉంది?”

“పాట ఎవరు విన్నారు?”

ఆమె మొహంలోకి రక్తం తిరిగొచ్చింది, అవసరానికి మించి. మామయ్య అట్టపెట్టె మీదే కూలబడ్డాడు.

“పెద్దదానికి తెర బాగుంటుంది, వాడుకోవడం సుఖం. అంతవరకు నిజమే మాస్టారూ,” అన్నాడు వాడు గొంతు పెంచి. “పాటకి మాత్రం చిన్నది చాలు.”

“అలాగైతే మా ఇంట్లో పాట ఎందుకు మసకబారింది?”

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. “నాన్నా, రెండేళ్ళుగా అడుగుతున్నాను. రేపొక్కసారి ఆస్పత్రికొచ్చి నా గదిలో కూర్చో.”

మాస్టారు గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. “కూతురి ముందు చెవిటివాణ్ణనిపించుకోవడం నామోషీ అనుకున్నానే,” అన్నాడు. “బాబూ, నువ్వూ తోడు రా. నిజం చెప్పేవాడు పక్కనుంటే ధైర్యం.”

వెళ్ళాడు. మాస్టారి పరీక్ష అయ్యాక సరదాకి వాణ్ణీ కూర్చోబెట్టింది. శబ్దం వినిపించగానే చెయ్యెత్తమంది. వాడు ఎత్తాడు.

“నేనింకా నొక్కనేలేదు.”

“ఊపిరి బిగబట్టారుగా.”

గోడౌన్ మాత్రం తప్పలేదు. కానీ నిజం చెప్పే కుర్రాడెక్కడని జనం వాణ్ణి వెతుక్కుంటూ అట్టపెట్టెల మధ్యకే రావడం మొదలుపెట్టారు. పక్షం తిరక్కుండా మామయ్య తాళాలు తెచ్చి వాడి చేతిలో పడేశాడు. పెద్ద పెట్టె ఇంకా బీరువాలోనే ఉంది, నవ్వుతూ.

ఒక ఆదివారం సాయంత్రం మాస్టారింట్లో చిన్న పెట్టె పాడుతోంది. చెవి వెనక కొత్త మిషను పెట్టుకుని ఆయన వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్నాడు. లోపల వంటింట్లో వాళ్ళిద్దరి ముందూ టీ మరుగుతోంది. పాముచెవి ఎప్పటినుంచో గుండెలో దాచుకున్న మాటను, తనకే సరిగ్గా వినిపించనంత చిన్నగా అడిగేశాడు.

ఆమె ఊపిరి బిగబట్టింది.

హాల్లో పాట ఆగింది.

“పాపం, అబ్బాయి అడుగుతున్నాడు కదే, ఆ అవునేదో చెప్పెయ్యి,” అన్నాడు మాస్టారు అక్కణ్ణుంచే. “పాట మళ్ళీ పెట్టుకోవాలి నేను.”