గురి తప్పింది తుపాకీ కాదు

"శుక్రవారం పదకొండింటికి. హార్బరు మూడో గేటు," అన్నాడు చీఫ్ వెంకటపతి. "మన సైంటిస్టు అక్కడ కారు దిగుతాడు. విదేశీ ముఠా హంతకుడు ఎదురు బిల్డింగులో ఉంటాడు. వాడు ఏ కిటికీలో ఉన్నాడో, మన మనిషిగా ముఠాలో చేరిన కనకవల్లి చెబుతుంది. ప్రోగ్రాం మారిస్తే ఆమె మీద అనుమానం వస్తుంది. కాబట్టి నువ్వు కాల్చాలి."

"నేనా సర్?" అన్నాడు ఏజెంట్ జనార్దనం.

"నువ్వే. ముందు నాలుగు రోజులు ఎన్నూరులో ట్రైనింగు. ఆదిమూలం దగ్గర."

జనార్దనం చెవులు వేడెక్కాయి. రెండు నెలల కిందట రాయపురంలో అతను ఒక గూఢచారిని కాల్చబోతే, గుండు తోటి ఏజెంటు మునిరత్నం భుజంలో దిగింది. ఎంక్వైరీలో "తుపాకీ గురి చూసే సైటు వంకర" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాటకు, ఆఫీసు తుపాకీలు చూసే ఆదిమూలాన్ని ఎన్నూరు కాల్పుల రేంజికి తోసేశారు.

ఎన్నూరు సరుగుడు తోపులో ఆదిమూలం ఎదురొచ్చాడు. "రాండి సారూ," అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

"ఎడం కాలు ముందుకు పెట్టండి. వెనక్కి వాలొద్దు, ముందుకు వంగాల. తుపాకీ బట్టు భుజానికి అతుక్కోవాల. సందుంటే గుద్దుతాది, సందు లేకుంటే తోస్తాది. అంతే తేడా."

రెండు గుళ్లు పేలాయి. రెండూ గురి అట్టకు దూరంగా ఇసుకలో పడ్డాయి. మూడోది ఆదిమూలం తనే లోడు చేసిచ్చాడు. జనార్దనం ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, పేలలేదు. అయినా తుపాకీ మూతి జానెడు కిందికి దిగింది. అతని కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

ఆదిమూలం బోల్టు లాగాడు. డమ్మీ తూటా ఇసుకలో పడింది.

"దీంట్లో మందు లేదు సారూ. తుపాకీ తన్నలా. తంతాదని మీరే ముందుగా ఉలిక్కిపడినారు." బట్టు మీది నంబరు చూపించాడు. "రాయపురంలోది ఇదే."

జనార్దనం తల ఎత్తలేకపోయాడు. "ఆదిమూలం, ఆ రోజు నేను..."

"మొదుట నిలబడేది నేర్చుకోండి. మిగతాది అప్పరం."

నాలుగు రోజుల్లో భుజం నల్లగా కమిలిపోయింది. గుళ్లు మాత్రం అట్ట మధ్యకు చేరాయి.

శుక్రవారం జార్జి టౌన్‌లో, హార్బరు గేటు కనబడే ఒక మేడ మీద, కూలీల వేషంలో జనార్దనం, ఆదిమూలం మిరపకాయలు ఎండబోస్తున్నారు. గోనెసంచుల కింద తుపాకీ. జనార్దనం తలపాగాలో ఇయర్‌ఫోను. ఎదురు బిల్డింగులో, జార్జెట్టు చీరలో, పౌడరు డబ్బా ట్రాన్స్‌మిటర్‌తో కనకవల్లి.

"రెండో మాడి, మూడో కిటికీ," అంది ఆమె గొంతు.

రెండో అంతస్తు కిటికీలో ఒక తల కనబడింది. జనార్దనం వేలు బిగిసింది.

"అవసరం లేదు," అంది ఇయర్‌ఫోనులో కనకవల్లి.

జనార్దనం తుపాకీ దించేశాడు. మిషన్ కాన్సిల్. గుండెల మీద బరువు దిగింది, దిగినందుకు సిగ్గేసింది.

"ఏం సారూ, దించేస్తిరి?" అన్నాడు ఆదిమూలం.

"అవసరం లేదంది."

"మీది బెజవాడ సారూ. ఆయమ్మ ఈడ పుట్టిన పిల్ల. మా అరవ పక్క అవసరమంటే తొందర. తొందర లేదంటా ఉండాది, అంతే. ఆ తల ఎవురో గుమస్తాది. అసలోడు ఇంక వస్తాడు. ఎత్తండి."

కింద కారు తలుపు తెరుచుకుంది. సైంటిస్టు కాలు నేల మీద పెట్టాడు. గుమస్తా తప్పుకున్నాడు, కిటికీ అంచు మీద ఒక నల్లటి గొట్టం ఆనింది.

ఎడం కాలు. భుజం. చెంప. జనార్దనం సగం ఊపిరి వదిలి ట్రిగ్గర్ మెల్లగా లాగాడు.

తుపాకీ తోసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. తన గుండు ఏం చేసిందో తన కళ్లతో చూడటం అతనికి అదే మొదలు: హంతకుడు చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు, వాడి తుపాకీ వీధిలో పడింది.

సాయంత్రం చీఫ్ చెయ్యి చాపాడు. జనార్దనం ఆ చేతిలో ఒక కాగితం పెట్టాడు.

"రాయపురంలో సైటు వంకర లేదు సర్. నేను కళ్లు మూసుకున్నాను. ఎంక్వైరీలో అబద్ధం చెప్పాను."

చీఫ్ రెండుసార్లు చదివాడు. "ఊరుకోలేను, తెలుసుగా?"

"ఊరుకోవద్దు సర్."

సోమవారం ఆదిమూలం మళ్లీ ఆఫీసు ఆయుధాల గదికి వచ్చాడు. ఎన్నూరులో ఖాళీ అయిన చోటికి జనార్దనాన్ని వేశారు. రేంజి తాళాలు అందిస్తూ ఆదిమూలం మొదటిసారి నవ్వాడు.

"ఆడ దోమలు జాస్తి సారూ. కన్ను మూయనీవు."