తాళం వేసిన ప్రింటర్

మిలిటరీ కాన్వాయ్ రూట్ కాగితం పెర్కిట్‌లో ఒక పసుపు బస్తాలో దొరికింది. ఉన్న ఒకే ఒక్క ప్రతి మాత్రం ఏజెంట్ భూపతి జేబులోనే ఉంది.

1998 మార్చి, ఉదయం తొమ్మిది. ఆర్మూర్ మార్కెట్ వెనక, పసుపు ఎగుమతి కంపెనీ బోర్డు చాటున రహస్య కార్యాలయం. సాయంత్రం నాలుగింటికి ముప్పై మంది జవాన్లు పెర్కిట్ దాటాలి. దారి శత్రు ముఠాకు తెలిస్తే ఒక్కరూ మిగలరు.

భూపతి రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాడు. తన దాని మీద సంతకం ఉంది, బస్తాలోదాని మీద లేదు. అంటే జెరాక్స్ కాదు. మళ్లీ ప్రింట్ కొట్టారు.

"ఎట్లయితది సార్?" అన్నాడు గంగాకిషన్. దుబాయ్‌లో పని నేర్చుకొచ్చి, ఇక్కడి కంప్యూటర్లన్నీ కలిపింది అతనే. "లోకల్ ప్రింటర్ మీదనే కొట్టుమని ఢిల్లీ ఆర్డర్. గట్లనే కొట్టినం. గదికి తాళం, తలుపుకాడ గన్‌మ్యాన్."

"లోకల్ అంటే?"

"సర్వర్‌కు సీదా వైరున్నది."

"దాన్నే షేర్ చేస్తే?"

"పక్క కంప్యూటర్లకు నెట్‌వర్క్ ప్రింటర్ అయితది. సర్వర్‌కు మాత్రం లోకలే."

"ఒక్క పెట్టెకు గిన్ని పేర్లా! తల తిరుగుతున్నదయ్యా. జర చాయ్ చెప్పి రా పో."

అతను వెళ్లగానే, పాస్‌వర్డ్ కొట్టి తెరిచే వదిలిన సర్వర్ ముందు భూపతి కూర్చున్నాడు. అచ్చయిన కాగితం చెరిగిపోకుండా సర్వర్‌లోని ప్రింట్ క్యూలోనే కూర్చుని ఉంది. ఎవరో అలా ఉంచమని టిక్కు పెట్టారు. కాగితం వెళ్లే పోర్టు మార్చి రీస్టార్ట్ అంటే చాలు, ముందు గదిలో బిల్లులు కొట్టే ప్రింటర్ మీద దిగుతుంది.

టిక్కు తీయలేదు. కొత్త కాగితం టైప్ చేశాడు: రూట్ మారింది, ఆలూర్ దారి, సాయంత్రం నాలుగు. తాళం వేసిన గదిలోనే ప్రింట్ కొట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చూపలేదు.

సాయంత్రం మూడు యాభై ఎనిమిది. వైర్‌లెస్ గరగరలాడింది.

"పసుపు ఎండిందా?" కోడ్ మాటల్లో అడిగాడు భూపతి.

"కొమ్ములు మోగుతున్నాయి. సరుకు పెర్కిట్ దాటింది. ఆలూర్ దారిలో మీరు కాపు పెట్టించిన మనవాళ్లకు కల్వర్టు కింద బాంబుతో నలుగురు దొరికారు. వాళ్ల దగ్గర మీ కొత్త కాగితం ఉంది."

పక్కనే నిలబడి వింటున్న గంగాకిషన్ చేతిలోని చాయ్ గ్లాసు జారి పగిలింది.

"కూసో," అన్నాడు భూపతి మెల్లగా. "చెప్పు."

"మా తమ్ముడు తుకారాం దుబాయ్‌ల గా ముఠావాళ్ల చేతిల ఉన్నడు సార్. పాస్‌పోర్టు గుంజుకున్నరు. కాయిదం ఇయ్యకుంటే శవాన్ని పెట్టెల పంపుతమన్నరు. రెండుసార్లూ నేనే కొట్టిన, బస్తాల పెట్టింది గూడ నేనే. మీరు ప్రింటర్‌కు తాళమేసిన్రు, గన్‌మ్యాన్‌ను పెట్టిన్రు. కాయిదం ఉండేది సర్వర్ల సార్. గా సర్వర్ పాస్‌వర్డ్ పెట్టుమని నాకే చెప్పిన్రు."