పిలవని ట్యాంకర్

"వకీలు చెప్పిన ఆ వేలిముద్రల పుస్తకం తడిసిపోతే నా కొడుకు గతేమి సుబ్బన్నా?"

జైలు గేటు బయట ఓబమ్మ గొంతు. సెంట్రీ సుబ్బన్న నవ్వాడు.

"ఏమవ్వా, ఈడ తాగేకే నీళ్లు లేవు. పుస్తకం యాడ తడుస్తాది?"

"నిప్పు పడితే? ఎవురన్నా ఎత్తకపోతే? నాకు అన్నీ భయమేనప్పా."

లోపల, దినకూలీ వేషంలో చీపురు పట్టుకున్న ఏజెంట్ ఆరీఫా ఆ మాటలు వింది. ఇంతలో ఆమె జడ క్లిప్పులోని ట్రాన్స్‌మిటర్ గరగరలాడింది.

"పట్టు ఆరిందా?" చీఫ్ అతావుల్లా గొంతు.

"నీడలో ఉంది సర్."

కోడ్ కలిసింది.

"విను. మన రాడార్ ప్లాన్లు అమ్మిన విదేశీ ముఠా మనిషి ఒకప్పుడు ఇదే జైల్లో ఉన్నాడు, ఓబిలేష్ అన్న దొంగపేరుతో. ఇప్పుడు ఆ పేరున్న ధర్మవరం నేతగాణ్ణి ఇరికించారు. జైలు రిజిస్టర్ స్కాన్ కాపీలో వేలిముద్ర మార్చేశారు. ఈ మధ్యాహ్నం కోర్టులో ఒరిజినల్ రిజిస్టర్ చూపిస్తేనే కుర్రాడు బయటపడతాడు. లేకపోతే అతనే గూఢచారి. అసలువాడు హాయిగా విమానం ఎక్కుతాడు. చంద్రిక నీకు తోడు వస్తుంది."

ఓబమ్మ కొడుకు ఓబిలేష్ మూడు నెలలుగా పెదవి విప్పలేదు. ఏం చెప్పినా తన మీదికే రాసుకున్నారు మరి. ములాఖత్‌కు వచ్చిన ప్రతిసారీ తల్లి "తిన్యావా నాయనా?" అని అడుగుతుంది. జవాబు ఉండదు.

రికార్డు రూముకు చెదలు పట్టాక పాత రిజిస్టర్లన్నీ జైలు వెనక నీళ్ల సంపులోకి మార్చారు. బోరు ఎండిపోయి సంపులో ఏళ్ల తరబడి చుక్క లేదు. సిమెంటు గోడలు, ఇనుప మూత. అంత పొడి గది జిల్లాలో ఇంకొకటి లేదు.

చంద్రిక కారు దిగింది. నల్ల కళ్లజోడు, పట్టుచీర, హైహీల్స్, ఘాటైన సెంటు. రికార్డుల పరిరక్షణ నిపుణురాలి వేషం.

"రిజిస్టర్ నేను తీసుకెళ్తాను డియర్. నువ్వు భోంచేసి రా."

"సూపరింటెండెంట్ సంతకం లేకుండా పుస్తకం గేటు దాటదు మేడమ్. దాటితే కోర్టు నమ్మదు. ఆయన రౌండ్ నుంచి రానీండి."

చంద్రిక నవ్వి, సెల్లు తీసుకుని పక్కకు వెళ్లింది.

కాసేపటికి వెనక గేటు దగ్గర హారన్. వార్డర్ల కేకలు.

"నీళ్లొచ్చినాయప్పా! బిందెలు తేండి!"

ఆరీఫా ప్రాణం కూడా లేచి వచ్చింది. అంతలోనే అనుమానం.

"సుబ్బన్నా, ట్యాంకర్‌ను ఎవరు పిలిచినారు?"

"ఎవురూ పిల్లేదు పాపా. దానంతట అదే వచ్చినాది."

ఆరీఫా చీపురు పారేసి పరుగెత్తింది. ఈ సీమలో పదిసార్లు బతిమాలినా ట్యాంకర్ రేపు వస్తానంటుంది. ముఠా అన్నీ కనుక్కుంది, ఆ ఒక్కటి తప్ప!

పైపు అప్పటికే సంపు నోట్లో ఉంది. డ్రైవర్ చెయ్యి వాల్వ్ మీద ఉంది. చంద్రిక చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"ఆగు ఆరీఫా. ఆఫ్టరాల్ ఒక నేతగాడు!"

"ఆ నేతగానికి అమ్మ ఉండాది మేడమ్."

వాల్వ్ తిరిగింది. పైపు ఉబ్బింది. ఆరీఫా దాన్ని కాలితో తన్ని, మూత దబ్బున వేసి, దాని మీద ఎక్కి నిలబడింది.

"కాల్చుకో! నేను దిగను."

నీళ్లు వాకిలంతా పారాయి. ఎర్రమట్టి బురదలో హైహీల్స్ జారాయి. గుండు గాల్లోకి పోయింది. సుబ్బన్న విసిరిన ఖాళీ బిందె పిస్టల్‌ను ఎగరగొట్టింది.

"పుస్తకం తడిసిపోతే అనె అవ్వ, నేను నవ్వితి. నీళ్లు పడ్తాయని ఎవురనుకుంటిమి!" అన్నాడు సుబ్బన్న, చంద్రికకు బేడీలు వేస్తూ.

సూపరింటెండెంట్ ఈశ్వరప్ప సంతకంతో రిజిస్టర్ ముందు గేటు గుండానే కోర్టుకు వెళ్లింది. ఓబిలేష్ ముద్రలు దానితో కలవలేదు. అసలువాణ్ణి ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు.

సాయంత్రం గేటు తెరుచుకుంది. ఓబమ్మ కొడుకు ముఖం, చేతులు తడిమి చూసింది.

"తిన్యావా నాయనా?"

ఓబిలేష్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"తిన్యాలేమ్మా. ఈడ సంకటి నీ సంకటి కంటే మెత్తగుండాది."